మాట్లాడగలిగే వేగం

నా గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు, కొన్ని నెలల తర్వాత నేను పరిగెత్తొచ్చా అని అడిగితే, ఒకే ఒక్క వాక్యం చెప్పారు. "పరిగెత్తండి, కానీ మాట్లాడగలిగే వేగంతో." ఆయన ఉద్దేశం తేలికైనదే. పరిగెడుతూ పక్కవాళ్ళతో నాలుగు మాటలు చెప్పగలిగితే గుండెకు శ్రమ లేదని అర్థం. చెప్పలేకపోతే వేగం తగ్గించాలి. పరుగు మీద మోజున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. అయితే వాళ్ళందరి భార్యలూ ఆడిట్‌లో పనిచెయ్యరు.

మా ఆవిడ సర్వీసంతా ఆడిట్‌లోనే గడిచింది. నేను ఒక మంత్రిత్వ శాఖలో పనిచేస్తాను. మా ఆఫీసులో "చేయవచ్చు" అని రాస్తే చెయ్యకపోయినా ఫర్వాలేదని అర్థం. వాళ్ళ ఆఫీసులో అదే మాటకు, చేశావా, చేస్తే ఆధారమేది అని అర్థం. ఆసుపత్రి మెట్లు దిగుతూనే ఆమె అడిగింది.

"మాట్లాడగలిగే వేగం అన్నారు కదా. మాట్లాడగలుగుతున్నారని నాకెలా తెలుస్తుందండీ?"

"నేను చెప్తాను కదా."

"మీరే పరిగెత్తి, మీరే చెప్తే ఎలాగ?"

ఢిల్లీ సాకేత్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటున్న మా అమ్మాయి, గుండె కొట్టుకునే వేగం చూపించే పట్టీ ఒకటి నా చేతికి కట్టింది. మా ఆవిడ దాన్ని ఒక పూట పరిశీలించి పక్కన పెట్టేసింది. ఎవరి మీద తనిఖీ జరుగుతోందో ఆ మనిషి చేతికే ఉన్న యంత్రం చూపించే అంకెను ఆమె ఒప్పుకోదు. "మమ్మీ, దిస్ ఈజ్ టూ మచ్," అని అమ్మాయి విసుక్కుంది. ఆ పట్టీ ఇప్పటికీ మా హాల్లో అద్దాల బీరువాలో, ఆగ్రా నుంచి తెచ్చిన పాలరాయి తాజ్‌మహల్ పక్కన ఉంది.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. పరుగు ఆదివారాల్లోనే. ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో మా కాలనీ గేటు దాటేముందు నేను ఆమెకు ఫోన్ చెయ్యాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. తిరిగొచ్చి గేటులో అడుగు పెట్టేదాకా ఫోన్ కట్ కాకూడదు, నా మాట ఆగకూడదు.

ఇది విని నవ్వినవాళ్ళున్నారు. మీరు నవ్వే ముందు ఒక సంగతి చెప్పాలి. నాకు గుండెపోటు వచ్చింది మెట్రోలో. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రాజీవ్ చౌక్‌లో బండి మారి, కడ్డీ పట్టుకుని నిలబడి, దారిలో టమాటాలు తేవాలా అని ఆమెతోనే ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మాట మధ్యలో నా గొంతు ఆగిపోయింది. నేను పడిపోయాను గానీ ఫోన్ పనిచేస్తూనే ఉంది. బండి చప్పుడు, తర్వాతి స్టేషన్ పేరు చెప్పే ఆడగొంతు, "అంకుల్‌కో పానీ దో" అన్న కేకలు, అన్నీ ఆమెకు వినపడ్డాయి, నా గొంతు తప్ప. ఎవరో ఫోన్ తీసి మాట్లాడేదాకా ఆమె వంటింట్లో అలాగే నిలబడి ఉంది. అది ఎంతసేపో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత ఫోన్‌లో నేను దగ్గడానికి ఆగినా "ఉన్నారా?" అనేది. అందుకే ఆ ఒప్పందానికి నేను మారుమాట్లాడకుండా తలూపాను.

మొదటి ఆదివారం మా మాటలు కాలనీ దగ్గరి కాలువ వంతెన దాకా కూడా సరిపోలేదు. పాతికేళ్ళు దాటిన కాపురం మాది. గ్యాస్ బుక్ చేశారా, పాలవాడు వచ్చాడా, అన్నం పెట్టెయ్యనా, ఇలాంటి మాటలతోనే ఇంతకాలమూ ఏ లోటూ లేకుండా నడిచిపోయింది. వాటిని ఎంత సాగదీసి చెప్పినా మూడు నిమిషాలు మించవు. ఆ తర్వాత నేను రోడ్డు మీద బోర్డులు చదివాను. కోచింగ్ సెంటర్లు, పళ్ళ డాక్టర్లు, అద్దెకు ఫ్లాట్లు. ఆమె ఊఁ కొట్టింది. అవీ అయిపోయాక ఎక్కాలు అప్పగించాను. పద్దెనిమిదో ఎక్కంలో తప్పు పట్టుకుంది.

పోను పోను అలవాటైంది. అలవాటైందనడం తక్కువే. వారమంతా ఆదివారం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఆమె ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి పొయ్యి పక్కన ఉంచేది. నేను కాలువ గట్టు మీద వెళ్తుంటే చెవిలో మా ఇంటి మిక్సీ తిరిగేది, పోపు చిటపటలాడేది. తన ఆఫీసు సంగతులు చెప్పేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక్కతే కాకినాడ నుంచి రైల్లో రావడం, హిందీ రాక రెండు స్టేషన్ల ముందే దిగిపోవడం చెప్పింది. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదేం అన్నాను. "మీరెప్పుడు ఖాళీగా ఉన్నారని?" అంది. ఇదంతా పరుగు కోసం మొదలైన ఏర్పాటే గానీ, ఆ కాలువ గట్టు మీద, చెమట కారుతూ, నాకు మా ఆవిడ మీద కొత్తగా ఇష్టం పుట్టింది. ఈ వయసులో ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఎవరికీ చెప్పలేదు.

పరుగు అంటున్నాను గానీ చూసేవాళ్ళు దాన్ని ఆ పేరుతో పిలవరు. సల్వార్ కమీజ్ మీద తెల్లటి బూట్లు వేసుకుని చేతులు బారలు చాపి నడిచే ఒక పంజాబీ ఆంటీ ప్రతి ఆదివారం నన్ను దాటి వెళ్ళేది. నడకతోనే. దాటిన ప్రతిసారీ "షాబాష్ భయ్యా, లగే రహో" అనేది. నాకు చిన్నతనం అనిపించేది కాదు. నెమ్మదిగా వెళ్ళడంలో ఉన్న సుఖం వేగంగా వెళ్ళేవాళ్ళకు తెలియదు. కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. ఊపిరి లోపలికీ బయటికీ ఎవరూ తరమకుండా తిరుగుతుంది. రోడ్డు పక్కన కుక్క ఆవలించడం పూర్తిగా, మొదటి నుంచి చివరిదాకా చూడొచ్చు. గెలవాల్సిన అవసరం లేదు, ఎవరూ పోటీకి కూడా రారు. ప్రభుత్వోద్యోగం ఇన్నేళ్ళు చేసినవాడికి ఈ వేగం సహజంగానే అబ్బుతుంది.

రెండేళ్ళకు నా పరిధి వంతెన నుంచి పార్కు దాకా, పార్కు నుంచి వసుంధర కాలనీ దాకా పెరిగింది. ప్రతి మెట్టుకూ ఆమె మంజూరు కావాలి. హిండన్ నది ఆనకట్ట దాకా వెళ్ళి రావాలని నా కోరిక. మొన్న మార్చిలో ఒక ఆదివారానికి అది మంజూరైంది. షరతు ఒక్కటే, మాట ఎక్కడ ఆగినా ఆనకట్టా లేదు, పరుగూ లేదు. ఆ తర్వాత పార్కులో నడక మాత్రమే.

ఆ పొద్దున గేటు దగ్గర కాపలాదారు ఆకాశం వైపు చూసి "అంకుల్‌జీ, ఆజ్ మౌసం కుఛ్ ఠీక్ నహీ" అన్నాడు. ఢిల్లీలో మార్చి నెల వాతావరణం గురించి ఎవరు ఏం చెప్పినా నిజమే అవుతుంది. అచ్ఛా అని చెప్పి బయల్దేరాను. ఫోన్‌ని పాల కవరులో చుట్టి రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకున్నాను.

మొదట పొగమంచు. కాలువ కనబడదు గానీ నీళ్ళ వాసన వస్తోంది. చలికి చెవులు మొద్దుబారాయి. "ఊపిరి ఎలా ఉందండీ?" "బానే ఉంది." "అలా ముక్క చెప్పొద్దు, పెద్ద వాక్యం చెప్పండి." నేను పెద్ద వాక్యం చెప్పాను. మా అండర్ సెక్రటరీ రిటైర్మెంట్ సభలో చదివిన ప్రసంగం మొత్తం ఒక్క గుక్కలో అప్పగించాను. తృప్తి పడింది.

వసుంధర దాటేసరికి ఎండొచ్చింది. మంచు మీద పడ్డ ఎండ కాబట్టి లేతగా, గోరువెచ్చగా ఉంది. గట్టు మీద గడ్డి పూలు తడిసి మెరుస్తున్నాయి. లోపల చొక్కా వెచ్చబడింది. వేగం పెంచాలన్న కోరిక కూడా కలగలేదు. ఇలా ఎంత దూరమైనా వెళ్ళిపోవచ్చు అనిపించింది, ఎంత దూరమైనా. అదే ఆమెతో అన్నాను.

"ఎంత దూరమైనా వద్దు. ఆనకట్ట దాకానే," అంది. "ఇక్కడా ఎండ కాస్తోంది. దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేస్తున్నా."

తిరిగొచ్చాక ఏం తినాలి అన్న చర్చ మొదలైంది. అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనానికి వెళ్దామన్నాను. కందిపొడిలో నెయ్యి ఎన్ని చుక్కలు అన్నదగ్గర బేరం చాలాసేపు సాగింది. ఒక చుక్క దగ్గర తెగింది. అలా మాట్లాడుకుంటూనే ఆనకట్ట చేరాను. గేట్ల కింద నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. ఆ నీళ్ళ వాసన గురించి ఏమీ చెప్పకపోవడం మంచిది. అయినా నాకు అది ఏ గోదావరి రేవుకూ తీసిపోలేదు. "చేరాను," అన్నాను. "సంతోషం," అంది. నిజంగానే సంతోషించింది, గొంతులో తెలిసింది. వెనక్కి తిరిగాను.

అప్పుడు గాలి లేచింది. ముందు దుమ్ము, తర్వాత ఎండిన ఆకులు, ఆ తర్వాత ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ రోడ్డుకు అడ్డంగా దొర్లుకుంటూ పోయింది. నేను వాతావరణం యథాతథంగా నివేదించాను. "మబ్బు కమ్ముకొస్తోంది. దుప్పట్లు తీసెయ్."

"ఇక్కడ ఎండే. బాగా చూసి చెప్పండి."

"బాగానే చూశాను. నల్లగా ఉంది."

"ఎంత నల్లగా?"

ఎంత నల్లగానో చెప్పేలోపు చినుకులు మొదలయ్యాయి. ఆ తర్వాత వడగళ్ళు. శనగగింజంతవి రాలుతుంటే వాటిని వర్ణిస్తూనే ఉన్నాను. బాగుంది కూడా. వేడెక్కిన ఒంటి మీద చల్లటి రాళ్ళు. చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది. అంతలో ఉసిరికాయంతది ఒకటి సూటిగా నడినెత్తిన పడింది.

"అమ్మా!" అన్నాను.

ఎవడికి దెబ్బ తగిలినా వచ్చే మాటే అది. దాని తర్వాత "ఏం లేదు, వడగల్లు" అని కూడా అన్నాను. కానీ చెవిలో ఏ చప్పుడూ లేదు. కవరు విప్పి చూశాను. పాల కవరులో పాలు బయటికి రాకుండా ఆగుతాయి గానీ, రబ్బరు బ్యాండు వేస్తే వాన లోపలికి రాకుండా ఆగదని అప్పుడు తెలిసింది. ఫోన్ నల్లగా ఉంది. ఎంత నొక్కినా వెలగలేదు.

ఆమెకు వినపడిన నా చివరి మాట ఏమిటో నాకు బాగా తెలుసు.

గొడుగు పట్టుకుని కుక్కతో వెళ్తున్న ఒక దీదీని ఆపి ఫోన్ అడిగాను. మంచి మనిషి, వెంటనే ఇచ్చింది. అది చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ నంబరు నాకు రాదు. ఎన్నో ఏళ్ళుగా "ఇల్లు" అని ఉన్న చోట నొక్కడమే. నాకు కంఠతా వచ్చిన నంబర్లు రెండే. ఒకటి ఆఫీసులో మా సెక్షన్ ఇంటర్‌కమ్. రెండోది నా సొంత నంబరు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి నా నంబరుకే చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఆ సంగతి అప్పటికే నాకు తెలుసు. దీదీ నన్నూ నా నెత్తినీ చూసి "ఆప్ ఠీక్ హై నా?" అంది. ఠీక్ అన్నాను.

ఒక ఆటో వచ్చింది. ఆపాడు. నా నిక్కరు నుంచి కారుతున్న నీళ్ళు చూసి "సీట్ గీలీ హో జాయేగీ, అంకుల్" అని చెప్పి పోయాడు. ఇంకో ఆటో ఆపనేలేదు. డబ్బులూ ఫోన్‌లోనే ఉన్నాయి.

ఇక మిగిలింది కాళ్ళు. ఇక్కడే నాకు అసలు చిక్కొచ్చిపడింది. గట్టిగా పరిగెత్తితే ఆమె భయం తొందరగా తీరుతుంది. గట్టిగా పరిగెత్తి దారిలో ఏదైనా అయితే ఆ భయమే నిజమవుతుంది. నెమ్మదిగా పరిగెత్తితే నాకు ఏమీ కాదు, కానీ ఆమె అంతసేపూ ఆ వంటింట్లో మళ్ళీ నిలబడి ఉంటుంది. నా జీవితంలో నెమ్మదిగా వెళ్ళడం కష్టమనిపించింది ఆ ఒక్క రోజే. కాళ్ళు ముందుకు గుంజుకుంటున్నాయి. పళ్ళు బిగించి వాటిని ఆపుకుంటూ వచ్చాను.

నెమ్మదిగానే వెళ్తున్నానని తెలియడానికి నాకున్న కొలత ఒక్కటే. అందుకని మాట్లాడడం మొదలుపెట్టాను. పైకే, గట్టిగా, తెలుగులో. "పార్కు గోడ దాటుతున్నాను. ఊపిరి బానే ఉంది. వడగళ్ళు ఆగాయి. వాన ఉంది. చెవుల్లో నీళ్ళు పోయాయి." బస్టాపులో నిలబడ్డవాళ్ళు చూశారు. ఇయర్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈ రోజుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడు పిచ్చివాడు కాడు.

నివేదించాల్సినవన్నీ అయిపోయాక, ఎప్పుడూ చెప్పనిది ఒకటి నోటివెంట వచ్చింది. మెట్రోలో పడిపోయాక నాకేమీ తెలియలేదని, స్పృహ పోయిందని అందరికీ చెప్పాను. అది నిజం కాదు. కొంతసేపు నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఫోన్ నా చెవి పక్కనే పడి ఉంది. అందులో ఆమె గొంతు వినపడుతూనే ఉంది. జవాబు చెప్పాలని ఎంత ప్రయత్నించినా నాలుక తిరగలేదు. అది తెలిస్తే ఆమె ఇంకా కుమిలిపోతుందని చెప్పలేదు. ఆ మాట కాలువకు చెప్పి, వానలో, అదే వేగంతో ముందుకు వచ్చాను.

కాలువ వంతెన ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎదురుగా ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు. నైటీ మీద నా ఆఫీసు స్వెట్టరు, దాని మీద చున్నీ, సాక్సుల మీద హవాయి చెప్పులు. చెవికి ఫోన్ ఆనించుకుని ఉంది. మా ఆవిడ పరిగెత్తడం నేను అంతవరకూ చూడలేదు. బస్సు కదిలిపోతున్నా నడిచే వెళ్ళే మనిషి ఆమె.

నన్ను చూసి ఆగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయింది. నేను దగ్గరికి వెళ్ళాను. నోరు తెరిచింది. మాట రాలేదు. ఊపిరి మాత్రం వచ్చిపోతోంది, ఈలలా. "ఏం కాలేదు, నేను బానే ఉన్నాను, నువ్వు మాట్లాడు," అన్నాను. చెయ్యి పైకెత్తి ఆగమంది. మాట రాలేదు. "ఏదో ఒకటి అను," అన్నాను. రాలేదు. నాకు భయమేసింది. ఎదురుగా కనబడుతున్న మనిషి గొంతు వినపడకపోతేనే ఇలా ఉంది.

చివరికి, "అమ్మా అన్నారు," అంది.

"వడగల్లు."

"ఎక్కడ?"

తల వంచి చూపించాను. వేళ్ళతో తడిమింది. బొప్పి చేతికి తగిలింది. అప్పుడు ఏడ్చింది. రోడ్డు మీద, వానలో, పెద్దగా. ఆంటీ ఒకావిడ గొడుగు కింద నుంచి చూసి, మొగుడూ పెళ్ళాల గొడవ అనుకుని, నా వైపు కోపంగా చూస్తూ వెళ్ళింది.

"పిలుస్తూనే వచ్చాను," అంది మా ఆవిడ. "ఫోన్ పోయిందని తెలుస్తూనే ఉంది. అయినా పిలిచాను. ఆ రోజూ ఇంతే. అంతసేపు పిలిచాను. ఎవరికీ వినపడకుండా... గోడకి చెప్పుకున్నట్టు..."

"ఆ రోజు వినపడింది," అన్నాను.

ఏడుపు ఆపి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. ఊరికే ఓదార్పుకి అంటున్నానేమోనని ఆమె అనుమానం. తడి చున్నీతో మొహం తుడుచుకుంది.

"ఏం వినపడింది?"

"టమాటాలు వద్దు అన్నావు. ఏమీ తేవద్దు, మీరు వచ్చెయ్యండి, ఉత్తి చేతులతో వచ్చెయ్యండి చాలు అన్నావు. అదే చాలాసార్లు అన్నావు."

ఆ మాటలు ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసే అవకాశం వేరే ఏదీ లేదు.

"మళ్ళీ చెప్పండి," అంది.

మళ్ళీ చెప్పాను. వాన సన్నబడింది. వంతెన మీదుగా ఇంటివైపు నడిచాం, ఆమె చెప్పులు జారుతున్నాయని నా చెయ్యి పట్టుకుంది. మధ్యలో నేను ఏదో చెప్పబోయి ఆగాను. ఆమె ఏమిటని అడగలేదు. గేటు దాకా ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.